ఎనిమిది లవంగాలు

క్రిస్మస్‌కి ముందు వచ్చే అడ్వెంట్ మొదటి ఆదివారం. కాసేపట్లో ఇరుగుపొరుగు మసాలా వేసి వేడిచేసిన వైను, గ్లూవైన్ తాగడానికి వస్తారు. అందులోకి ఏ ఎర్ర వైను పొయ్యాలో చెప్పే హక్కు మా ఇంట్లో నా మొగుడు ఎకార్ట్ ఒక్కడిదే. నలభై ఏళ్లుగా ద్రాక్షతోట, పీపాలు తప్ప మరో లోకం ఎరగని మనిషి.

సీసా బిరడా తీసి గ్లాసులో కాస్త వొంపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"మన తోట డోర్న్‌ఫెల్డర్ ద్రాక్షదే. మెత్తగా ఉంది, చెక్క వాసన లేదు. ఇదే పొయ్యి, వాల్ట్రౌట్. మరగనిచ్చావంటే మాత్రం ఊరుకోను!"

గిన్నెలో పోసి పొయ్యి వెలిగించానో లేదో, తడి గోనెసంచి కంపు గుప్పుమంది. బిరడా బూజు వైనుకి పట్టేసింది.

ఆ కంపు కప్పేద్దామని దాల్చినచెక్క, నారింజ తొక్క వేసి, లవంగాలు మరికాసిని జారవిడిచాను.

ఎకార్ట్ గరిటెతో లవంగాలు లెక్కపెట్టాడు.

"ఎనిమిదా? ఎప్పుడూ మూడేగా వేస్తావు?"

"చలి ఎక్కువగా ఉందని..."

"కంపు కొడుతోందా?"

తల ఊపాను.

"సెప్టెంబరులో జ్వరం వచ్చి తగ్గిందా... అప్పట్నించి నాకే వాసనా తెలీట్లేదే," అన్నాడు మెల్లగా. "ఈ ఏటి పీపాలన్నీ బాగున్నాయని ఊరికే చెప్పేశాను."

గిన్నెలో వైను కుతకుతా ఉడకడం మొదలుపెట్టింది.

ఎకార్ట్ గరిటె పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. మరగనిచ్చానని నన్ను తిట్టలేదు.