బండి దిగితే చెబుతారు

ప్రతి నెలా మొదటి శనివారం పోలీస్ స్టేషన్ ఆవరణలో పేటవాళ్లతో సమావేశం.

వేసేది నలభై కుర్చీలు. వచ్చేది ఒక్క మనిషి.

గొడుగులు బాగుచేసే ముసలాయన. పేటంతా ఆయన్ని గొడుగుల తాత అంటుంది.

“చెప్పండి తాతా” అంది కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ, గడియారం చూసుకుంటూ.

“గస్తీకొచ్చే కానిస్టేబుల్ మా సందులో బండి దిగి నడవాలమ్మా.”

“బండి మీదైతే ఇంకో నాలుగు వీధులు ఎక్కువ తిరుగుతాడు కదా?”

“తిరుగుతాడు. కానీ రయ్యిమని పోయేవాడికి కష్టం ఎవరు చెప్పుకుంటారు తల్లీ?”

‘పరిశీలిస్తాం’ అని రాసుకుంది.

రెండో నెలా అదే మాట. మూడో నెలా అదే మాట.

“మీకింకేం పనిలేదా తాతా?” విసుక్కుంది.

“లేకేం! వానాకాలం, చేతినిండా పనే. కొట్టు మూసి వచ్చా” అని నవ్వేసి వెళ్లిపోయాడు.

నాలుగో నెల ఆయనా రాలేదు.

ఖాళీ కుర్చీల ముందు అరగంట కూర్చుంది. ఏమనిపించిందో, జీపు వద్దని ఆ సందులోకి నడిచింది.

ఖాకీ కనబడగానే తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

బట్టలు ఆరేస్తున్న ఒకావిడ మాత్రం లోపలికి పోలేదు.

“తాత చెప్పే ఇన్‌స్పెక్టరమ్మ మీరేనా?”

“ఏం చెప్పేవాడు?”

“పిల్ల మంచిదే, కాస్త తొందర జాస్తి, చెబితే వింటుంది అనేవాడు.”

ఇన్‌స్పెక్టరమ్మకు నవ్వొచ్చింది. “ఎక్కడ తాత?”

“మంగళవారం పోయాడమ్మా. గొడుగు కుడుతూ, కూర్చున్నచోటే.”

ఇన్‌స్పెక్టరమ్మ టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

ఆవిడ గొంతు తగ్గించింది. “మా అమ్మాయి ట్యూషన్ నుంచి వస్తుంటే ఇద్దరు వెంటపడుతున్నారు. రెండు నెలలైంది. మీకు చెప్పమని తాత ఎంతో పోరుపెట్టాడు. స్టేషన్‌కి రావాలంటే ధైర్యం చాలలేదు.”

“ఇవాళ్టి నుంచి ఆ వేళకి నేనే నడిచొస్తాను.”

మూసిన తలుపుల్లో రెండు ఓరగా తెరుచుకున్నాయి.

“స్టేషనంటే ఎందుకమ్మా అంత భయం?”

“ఇరవై ఏళ్ల కిందట, ఎవరో చేసిన దొంగతనం మా సందులో ఒకాయన మీద రుద్ది, మూడు రోజులు చావగొట్టారు. తర్వాత అసలు దొంగ దొరికాడనుకోండి. అప్పట్నుంచి మేమెవరం ఆ గుమ్మం తొక్కలేదు.”

“ఎవరాయన? ఇల్లు చూపించండి. నేను వెళ్లి క్షమాపణ అడుగుతాను.”

ఆవిడ తడిచేత్తోనే కళ్లు తుడుచుకుంది.

“నెలనెలా మీ దగ్గరికి వచ్చేవాడుగా తల్లీ!”