బావ ఎంచిన జోడీ

"ఐదే నింపు, ఆరో గది ఖాళీగా ఉండాలి," అంది తుపాకుల్లో మందు నింపే బల్ల దగ్గర కాపలా ఉన్న ఓర్లీన్. కొత్త రివాల్వర్లలో మందూ గుండ్లూ కూరి, నిప్పు పక్క గదులకి పాకకుండా పైన కొవ్వు పూస్తున్నాను.

"తొలి కౌబాయ్ కాల్పుల పోటీకే నల్ల తుపాకీమందా! తూటాలు పెట్టే రివాల్వర్లు తేలిక కదయ్యా. ఎవరు కొనిపించారు?"

"మా బావ డెల్బర్ట్. నా చేతికి ఇవే అందమట. పొగిడేసరికి పొంగిపోయి పొగలో దిగాను."

ఓర్లీన్ పకపకా నవ్వింది. "హమ్మయ్య, ఈసారైనా ఆయనకి వెండి బెల్టు బకిల్ వస్తుంది! నల్ల తుపాకీమందు విభాగంలో ఏళ్ల తరబడి ఒక్కడే. ఇద్దరైనా లేందే బహుమతి ఇవ్వరుగా."

కొవ్వు వేలిమీదే ఉండిపోయింది. పక్కనే టోపీ సర్దుకుంటున్న బావ మొహం తిప్పుకున్నాడు.

"బావా, నా చేతికి అందమన్నావే?"

"అందమేరా ఎల్డన్..."

"నా చేతికా, నీ నడుముకా?"

బల్ల దగ్గర్నుంచి వెనక్కి జరిగాను. బావ గబుక్కున నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నీకు దండం పెడతాను, కాల్చరా! ఒక్కటీ తగలకపోయినా పర్లేదు. నువ్వు బరిలో ఉంటే చాలు."

గురి నేర్పుతానంటూనే బావ నెలంతా ఎందుకు వాయిదా వేశాడో అప్పుడు అర్థమైంది.