విప్పని కవర్లు

“చెన్నైలో దింపినారు బావా. చలికాలం గదా, బెంగుళూరంతా మంచు కమ్మిందంట,” విమానంలోంచి ఫోన్లో చెప్పాడు యువరాజ్. “ఢిల్లీ నుంచి వచ్చిన పైలట్‌కు డ్యూటీ టైమైపోయింది. ఇంకో పైలట్ వస్తేగానీ లేవదంట.”

“పొద్దు గూకేలోపల మీ అక్క శవాన్ని ఎత్తాలప్పా,” పెనుకొండ నుంచి అన్నాడు ఓబుళప్ప.

“పుట్టింటి చీర నా సంచిలో ఉండాది. అది కప్పకుండా ఎట్లెత్తుతారు?”

ఓబుళప్ప బీరువా తలుపు తెరిచాడు.

“చీరుండాదిలే. ఉగాదికి నువ్వు కొరియర్‌లో పంపింది.”

“కట్టిన చీర పనికిరాదు గదా బావా?”

“కట్టలేదు. కవరు గూడా విప్పలేదు. తమ్ముడొచ్చి చేతికిస్తేనే కడతానని బీరువాలో పెట్టుకునింది. నాలుగేండ్లవి నాలుగూ అట్లే ఉండాయి.”

యువరాజ్ కిటికీ వైపు తిరిగాడు. బయట చెన్నైలో ఎండ కాస్తోంది.

“అన్నీ విప్పడానికి నాకు చేతులు రావడంల్యా. మీ అక్కకు ఆకుపచ్చంటే ఇష్టం. అది ఏ ఏడు పంపినావో చెప్పు, ఆ ఒక్కటే విప్పుతా.”

అన్నీ ఫోన్లో చూసి ఆర్డరిచ్చిన చీరలే. ఒక్కదాని రంగు కూడా యువరాజ్‌కు గుర్తు రాలేదు.