ఎర్ర బటన్

కొత్త మిషను డేగ కొంప ముంచింది. ఇందులో రెండో మాటకు చోటు లేదు.

"మీటింగుకి రావా బావా? మేనేజరు పిలుస్తున్నాడు," అన్నాడు బామ్మర్ది, దాన్ని బిగించిన రోజున.

"ఆ ఇనప డబ్బాకి దండం పెట్టడానికి నేను రాను. నువ్వు విని చెప్పు."

సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ పని ఆ ఇద్దరిదే. వెలుగుతున్న తెల్లటి పలక ముందు నుంచి సీసాలు వరసగా కదిలిపోతుంటాయి. పగులో, బుడగో, వంకర మెడో కనిపిస్తే తీసి పక్కన పడేయాలి. వెంట్రుకంత చీలిక కూడా బావ కన్ను దాటిపోదు. అందుకే అతన్ని అందరూ డేగ అన్నారు. భార్య పోయాక అతనికి మిగిలింది ఆ పలక ముందు కుర్చీ ఒక్కటే. బామ్మర్దికి ఆ పని ఇప్పించిందీ, నేర్పిందీ అతనే. ఆమె పోయే ముందు తమ్ముడి చెయ్యి తెచ్చి అతని చేతిలో పెట్టింది మరి.

మీటింగు నుంచి బామ్మర్ది మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏమన్నాడు?"

"దానికి కెమెరా ఉంది బావా. ఏ సీసా మంచిదో ఏది చెడ్డదో అదే చెప్తుంది. సరిగ్గా చెప్తే మనం పచ్చ బటన్ నొక్కాలి, తప్పు చెప్తే ఎర్రది. మన నొక్కుడు చూసి అది నేర్చుకుంటుందట."

"నేర్చుకున్నాక?"

"ఇంకేముంది, మనిద్దరం రోడ్డు మీద." గొంతు తగ్గించాడు. "దానికి తప్పుడు చదువు చెబుదాం బావా. అది ఒప్పు చెప్పినా ఎర్రదే నొక్కుదాం. నెల తిరిగేసరికి తుక్కు కింద అమ్మేస్తారు."

డేగ తలూపాడు.

మర్నాటి నుంచి చెరో పూట కూర్చున్నారు. ఒకసారి మిషను, అడుగున సన్నటి చీలిక ఉన్న సీసాను పట్టుకుని చెడ్డదంది. డేగకి ముచ్చటేసింది. వేలు దానంతటదే పచ్చ బటన్ మీదికి పోయింది. వెనక్కి లాక్కుని ఎర్రది నొక్కాడు. అన్నేళ్ళ పనిలో కళ్ళతో చూసి అబద్ధం చెప్పడం అదే మొదలు. ఆ పూట అన్నం సహించలేదు.

"నీదెలా సాగుతోందిరా?"

"నీకంటే దరిద్రంగా నొక్కుతున్నా బావా. దానికి పిచ్చెక్కాలి."

ఇద్దరూ నవ్వారు. భార్య పోయాక డేగ నవ్వడం అదే మొదటిసారి.

నెలాఖరున మేనేజరు డేగను ఒక్కణ్ణే గదిలోకి పిలిచి తలుపు వేశాడు. బయటికి వచ్చేసరికి అతని మెడలో ఫ్యాక్టరీ కార్డు లేదు.

బామ్మర్ది గేటు దాకా వెంటపడ్డాడు.

"ఏమైంది బావా?"

"మిషను ఉంటుంది. దాని పక్కన ఒక్క మనిషి ఉంటే చాలట. సూపర్‌వైజరు హోదా. నువ్వే."

"నేనా? మరి నువ్వు?"

"ఇంటికి."

"పాడు మిషను, ఎంత పని చేసింది బావా." భుజం మీద చెయ్యి వేయబోయాడు.

డేగ పక్కకి జరిగాడు.

"ఒక్క మాట అంటాను. ఆ తర్వాత దీని గురించి నీతోనే కాదు, ఎవరితోనూ జన్మలో మాట్లాడను."

"చెప్పు బావా."

"నువ్వు ఒక్కటీ తప్పు నొక్కలేదట. పరీక్ష మిషనుకి కాదు, మనకని మీటింగులోనే చెప్పారట."