చాయ్‌లో రెండు గోలీలు

కొత్తకోట హైవే మీది చాయ్ హోటల్లో లారీ మెకానిక్ భీమయ్య, చక్కెరకు బదులు చాయ్‌లో వేసుకునే తీపి గోలీల డబ్బీని చెత్తబుట్టలో పడేశాడు.

“గుండెకు స్టెంటు ఏసిన డాక్టర్ బంద్ చెయ్యమన్నడు, మునవ్వర్ భాయ్. షుగరొచ్చినంక చక్కెర మానేసి ఆరేండ్లు గివే ఏసుకుంటి. రక్తనాళాలకు మంచివి గావేమోనని అనుమానమంట. ఇగ సప్పటి చాయే తాగుత.”

పొయ్యి దగ్గర పనిలో పడి సగమే విన్న హోటలాయన మునవ్వర్ ఎప్పటిలాగే చాయ్ పోసిచ్చాడు. భీమయ్య ఒక గుక్క తాగి ఆగాడు.

“తియ్యగుందేంది?”

“చక్కెర పొద్దుగాల్నే గిన్నెల ఏస్త. అందరికీ అదే చాయ్.”

“మరి రోజూ నేను గోలీలు ఏసుకుంటుంటే చూస్తివి గద?”

“ఏదో మందనుకున్న భీమన్నా,” అన్నాడు మునవ్వర్. “పాపం చేదుగుంటయేమోనని నీ గ్లాసుల ఇంకో చెంచా చక్కెర ఏస్తుంటి.”