చేతికి ఆనాలి

“తొంభై ఎనిమిది!” అంటూ కళ్లకున్న హెడ్‌సెట్ తీసి గంతేసింది మెడికల్ కాలేజీ క్లాస్ టాపర్. కంప్యూటర్ బొమ్మ రోగికి పిత్తాశయం చిటికెలో తీసేసింది మరి! రేపటి అసలు ఆపరేషన్లో డాక్టరమ్మ పక్కన నిలబడే అవకాశం ఇక తనదే.

తర్వాత అందరూ ‘నత్త’ అని ఏడిపించే అమ్మాయి వంతు. యంత్రానికున్న పిడులు పట్టుకుని రెండు నిమిషాలకే ఆగిపోయింది.

“మళ్లీ మొదలెట్టావా తల్లీ!” నవ్వింది టాపర్.

“కాదే, ఎంత నొక్కినా చేతికి ఏమీ ఆనట్లేదు. గాలిని కోస్తున్నట్టుంది. మేడమ్, ఇలా నేను చెయ్యలేను.”

“చెయ్యొద్దులే. స్పర్శ తెలిపే స్విచ్ పొద్దున్నే నేనే ఆపేశాను,” అంది డాక్టరమ్మ. “ఇప్పటికి ఏడుగురు చేశారు. గమనించింది నువ్వొక్కదానివే. రేపు ఆరింటికల్లా వచ్చెయ్.”

టాపర్ ముఖం చిన్నబోయింది. హెడ్‌సెట్ కోసం చెయ్యి చాపి, “ఆ స్విచ్ వేస్తారా మేడమ్? ఇంకోసారి చేస్తాను,” అంది.

డాక్టరమ్మ స్విచ్ వేసింది. ఈసారి టాపర్ తెరమీది మార్కుల వంక చూడలేదు. పిడిని మెల్లగా లాగింది. అవతల మెత్తటిదేదో సాగి, చిరగబోతున్నట్టు వణికింది. గబుక్కున పట్టు వదిలేసింది.

“అమ్మో! ఇందాక ఇంత గట్టిగా లాగానా నేను?”