పసుపు గీత

“ఇది ఎక్కడి మ్యాపు?” అన్నాడు లెఫ్టినెంట్ క్నోప్.

“మ్యాపు కాదండీ, బొమ్మ,” అంది ఆనెగ్రెట్.

బెర్లిన్ గోడ లేచాక తూర్పు జర్మనీలో ఉన్న చెల్లెలు ట్రౌడెల్‌ని చూడబోవడం ఆమెకు ఇదే మొదలు. ట్రౌడెల్ కొత్త ఇంట్లో సోఫా పైన గోడ బోసిగా ఉందంటే, తను సిల్కు తెర మీద రంగులు లాగి అచ్చు వేసిన బొమ్మ ఒకటి చుట్టచుట్టి పశ్చిమాన ఉన్న హాంబుర్గ్ నుంచి కారులో తెస్తోంది. రెండు జర్మనీలకీ సరిహద్దైన ఎల్బె నది దాటాక, తూర్పువాళ్ల తనిఖీలో కాఫీ పొట్లాలు, మేజోళ్లు, చాక్లెట్లు అన్నీ గట్టెక్కాయి. బొమ్మ దగ్గరే చిక్కొచ్చి పడింది.

క్నోప్ దాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు చాక్లెట్లు బరువు పెట్టాడు. కాగితం నిండా ముదురు నీలం. అటూ ఇటూ రెండు బూడిదరంగు పట్టీలు. ఒక మూల ఎర్రటి వృత్తం. ఈ పట్టీ నుంచి ఆ పట్టీకి ఏటవాలుగా ఒక పసుపు గీత.

“బొమ్మంటే మనిషో, చెట్టో, కనీసం ట్రాక్టరో ఉండాలి కదమ్మా!”

“మొదట మా వంటింటి బల్ల గీశాను. కూజా, పళ్లెం, నిమ్మచెక్క. అక్కర్లేనివి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను.”

“తీసేసినవి ఎక్కడ దాచారు?”

“ఎక్కడా లేవండీ. తీసేశాను.”

క్నోప్ తలుపు దగ్గరున్న సార్జెంటు వైపు చూశాడు. సార్జెంటు కారు డిక్కీ మళ్లీ వెతికి వచ్చి, ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“ఈ నీలం నదేనా?”

“నీలం నీలమేనండీ.”

“ఈ ఎర్రది కాపలా బురుజా?”

“వృత్తం.”

“మేడమ్, గూఢచారులకి మా దగ్గర జైలుందని తెలుసు కదా?”

ఆనెగ్రెట్‌కి భయం పట్టుకుంది. నది ఇవతలికొచ్చి ఒక నిమ్మచెక్క కోసం జైల్లో కూర్చోవాలా? అక్కడ ట్రౌడెల్ కేకు చేసుకుని కిటికీలోంచి చూస్తూ ఉంటుంది.

“మా ఊళ్లో ఎవర్నైనా అడగండి. ఇందులో ఏమీ లేదని అందరూ చెబుతారు. విమర్శకులు పేపర్లో కూడా రాశారు,” అంది.

క్నోప్ సార్జెంటుని టీ తెమ్మని పంపించాడు. తలుపు మూసుకున్నాక పసుపు గీత వెంట మెల్లగా వేలు పోనిచ్చాడు.

“ఇది ఇంత ఏటవాలుగా పోయిందేం? తిన్నగా పోతే ఏమవుతుంది?”

మొదటిసారి అతను పనికొచ్చే ప్రశ్న అడిగాడనిపించింది ఆనెగ్రెట్‌కి. భయం కాస్త వెనక్కి తగ్గింది.

“తిన్నగా పోతే ఎర్రది దాన్ని మింగేస్తుందండీ. ఎర్రదానికి ఎంత దూరంగా తప్పుకుంటే అంత మంచిది. ఇక్కడ, పట్టీ సన్నబడిన చోట మొదలవ్వాలి. ఏటవాలుగా సాగాలి. మధ్యలో ఆగకూడదు.”

“ఆగితే?”

“ఆగితే పోయినట్టే.”

“కచ్చితంగా?”

“ఏడాది పాటు గీసి చెరిపి, గీసి చెరిపి తేల్చాను.”

క్నోప్ ఆ గీతని ఈ కొస నుంచి ఆ కొసదాకా మళ్లీ జానలతో కొలిచాడు. సార్జెంటు టీ తెచ్చేసరికి లేచి నిలబడి గొంతు పెంచాడు.

“బొమ్మ ఇక్కడే ఉంటుంది! మీరు వెళ్లొచ్చు!”

“అది మా చెల్లెలికండీ...”

“చాక్లెట్లు ఇచ్చుకోండి చెల్లెలికి!”

ట్రౌడెల్ ఇంట్లో గోడ బోసిగానే ఉండిపోయింది. అక్కచెల్లెళ్లు దాని కింద కూర్చుని కాఫీ తాగారు, ఏడ్చారు, నవ్వారు.

ఆదివారం తిరిగి వెళ్లేటప్పుడు, అడిగితే పోయేదేముందని ఆనెగ్రెట్ తనిఖీ గదిలోకి వెళ్లింది. క్నోప్ కుర్చీలో ఎవరో కెప్టెన్ ఉన్నాడు. కళ్లు ఎర్రబడి, నిద్రలేనట్టున్నాడు. బొమ్మ అతని ముందే ఉంది. దాన్ని చూడగానే ఆమెకు ఒళ్లు మండింది. పసుపు గీత పొడుగునా పెన్సిలుతో బాణం గుర్తులు, వాటి పక్కన గంటలూ నిమిషాలూ రాసి ఉన్నాయి.

“ఏమిటండీ ఇది? చక్కటి బొమ్మ నాశనం చేశారు! ఎవరు చేశారీ పని?”

“మా లెఫ్టినెంటు,” అన్నాడు కెప్టెన్. “మొన్న రాత్రి మీ గీత వెంబడే నది ఈదుకుంటూ మీ గట్టుకి చేరిపోయాడు.”